పంపు తిప్పింది ఒకరు, జీతం కోత మరొకరికా?

లారీ ఇంజను సంగతి మిల్లు కార్మికుల పత్రికలో ఎందుకని కొందరు సోదరులు అడగవచ్చు. జవాబు తేలికే. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. షోలాపూర్‌లోనూ పెద్ద మిల్లులు పోయి మరమగ్గాలు మిగిలాయి. భివండీలో సాంచాలు నడిచే గల్లీల పక్కనే గోడౌన్లు లేచాయి. మన పెద్దలు సాంచా పట్టుకుంటే, మన పిల్లల్లో చాలామంది స్టీరింగు పట్టుకున్నారు. మనకు వచ్చే నూలూ, మనం నేసిన చద్దర్లూ తువ్వాళ్ళూ వాళ్ళ లారీల మీదే పోతున్నాయి. కనుక వాళ్ళ తగాదా మన తగాదాయే.

ఈ మధ్య మా సంఘం ఆఫీసుకు ఒక కేసు వచ్చింది. మన సాంచా కార్మికుడి కొడుకు ఒక ట్రాన్స్‌పోర్టులో డ్రైవరు. పాత బండి, నిండా నూలు లోడు. కసారా ఘాట్ ఎక్కుతుండగా ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగి, కరిగి, క్రాంక్ షాఫ్టుకు అతుక్కుపోయి ఉన్నాయి. "పెద్ద గేరులో ఈడ్చి ఇంజను తిన్నావు, ఖర్చు నీదే" అని యజమాని మూడు నెలల జీతం ఆపేశాడు. ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది. కుర్రవాడు పెద్ద గేరులోనే ఈడ్చాడు. ఎందుకు ఈడ్చాడన్నది మిగతా సగం. ఆ సగం ఎవరూ మాట్లాడరు గనుక మేము మాట్లాడుతున్నాం.

నెమ్మదిగా నడిస్తే మేలేనా?

సాంచా మీద పనిచేసిన వారికి ఇది కొత్త సంగతి కాదు. వోల్టేజి పడిపోయినప్పుడు సాంచా నీరసిస్తుంది. నాడె వేళకు అవతలి పెట్టెలోకి చేరదు. దడాలున సాంచా ఆగిపోతుంది. ఆగకపోతే నాడె పడుగులో ఇరుక్కుని పోగులు తెగుతాయి. మోటారు సంగతి ఇంకా అన్యాయం. వోల్టేజి తక్కువ, బరువు అంతే. అది ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, చివరికి కాలిపోతుంది. ప్రతి యంత్రానికీ బరువు మోయగల వేగం ఒకటి ఉంటుంది. దానికి మించి పరుగెత్తించడం ఎంత తప్పో, దానికి దిగువన బరువు మోయించడమూ అంతే తప్పు.

డీజిల్ ఇంజనూ అంతే. ఒకే ఘాట్, ఒకే లోడు, ఒకే వేగం అనుకుందాం. ఇంజను 2000 చుట్లు తిరుగుతూ చేసే పనిని 1000 చుట్లతో చేయించాలంటే ఒక్కో చుట్టుకు రెట్టింపు బలం పెట్టాలి. ఆ బలమంతా పిస్టను మీద, రాడ్ మీద, బేరింగు మీద పడుతుంది. ఆ వేళకే సాయం చేసేవన్నీ నీరసించి ఉంటాయి. ఆయిలు పంపును తిప్పేది ఇంజనే. ఇంజను నెమ్మదిస్తే ఆయిలు ఒత్తిడి తగ్గుతుంది, బేరింగుకూ క్రాంకుకూ నడుమ ఉండవలసిన నూనె పొర పలచబడుతుంది. నీళ్ళ పంపూ, ఫ్యానూ నెమ్మదిస్తాయి, వేడి పోదు. టర్బో ఉన్న బండిలో టర్బోకు ఊపు రాదు, గాలి చాలదు. ఇంజను గుద్దినట్టు అదురుతుంది. ఆ అదురు క్లచ్ ప్లేటు స్ప్రింగులకు, గేరుబాక్సుకు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు పాకుతుంది. ఒక్క రోజులో ఏమీ కనపడదు. నెలల తరబడి అరిగి, ఒకనాడు ఘాట్ నడుమ బయటపడుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తక్కువ చుట్లన్నీ చెడ్డవని మేము అనడం లేదు. చదును రోడ్డు మీద, బరువు లాగే పని లేనప్పుడు, మీటరులో పచ్చగీత లోపల నెమ్మదిగా నడిపితే డీజిలూ మిగులుతుంది, ఇంజనూ బాగుంటుంది. చెడ్డది బరువుతో కూడిన నెమ్మది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా బండి పుంజుకోవడం లేదంటే గేరు దింపమని ఇంజను అడుగుతున్నట్టే.

స్క్రూ తిప్పేది ఎవరు?

ఇక ట్యూనింగు సంగతి. పాత టాటా 697 ఇంజను చాలామందికి తెలుసు. 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ పేరు. ఇలాంటి ఇంజన్లలో డీజిలు ఎంత పడాలో పంపు నిర్ణయిస్తుంది. దానిని సరిచేసి సీలు వేస్తారు. యజమాని అధిక లోడుకు ఒప్పుకుంటాడు. బండి లాగడం లేదంటాడు. మిస్త్రీ సీలు తెంపి స్క్రూ తిప్పుతాడు. డీజిలు ఎక్కువ పడుతుంది, బండి లాగుతుంది, యజమాని సంతోషిస్తాడు.

కానీ గాలి సంగతేమిటి? ఒక కిలో డీజిలు పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. స్క్రూ తిప్పితే డీజిలు పెరుగుతుంది గాని గాలి పెరగదు. కాలని డీజిలు నల్ల పొగై పోతుంది, మసై ఆయిలులో కలుస్తుంది. పొగగొట్టంలో వేడి పెరిగి వాల్వులను, పిస్టను తలలను, హెడ్ గ్యాస్కెటును, టర్బోను తింటుంది. టైమింగు ముందుకు జరిపితే సిలిండరులో ఒత్తిడి హద్దు దాటి ఇంజను కొడుతుంది. వెనక్కి జరిపితే పొగగొట్టం వేడెక్కుతుంది. అరిగిన నాజిల్ డీజిలును తుంపరగా చిమ్మకుండా చుక్కలుగా రాలుస్తుంది. ఆ చుక్కలు లైనరు గోడ మీది నూనెను కడిగేస్తాయి.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 ప్రమాణం వచ్చింది. ఆ కొత్త బండ్లలో స్క్రూ లేదు, కంప్యూటరు ఉంది. తిప్పే చెయ్యి మాత్రం పోలేదు. ల్యాప్‌టాప్ పెట్టి లెక్కలు మార్చేవారున్నారు, యూరియా నీళ్ళ ఖర్చు మిగిలించడానికి దొంగ డబ్బా బిగించేవారున్నారు. పైగా ఈ బండ్ల పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తగినంత వేడెక్కితేనే మసి కాలిపోతుంది. గంటల తరబడి గోడౌను గేటు ముందు ఇంజను ఉత్తినే ఆడుతూ ఉంటే ఫిల్టరు పూడుకుపోతుంది. గేటు ముందు నిలబెట్టింది డ్రైవరా? లోడు దించుకోని వారా?

యావరేజి అనే ఉరి

ఇప్పుడు ఆ కుర్రవాడు గేరు ఎందుకు దింపలేదో చెబుతాం. యజమాని లీటరుకు ఇన్ని కిలోమీటర్లని యావరేజి కట్టాడు. తగ్గితే ఆ డీజిలు డబ్బు జీతంలో కోత. పంపు తిప్పిన బండి డీజిలు ఎక్కువ తాగుతుంది, యావరేజి అంకె మాత్రం పాతదే. లోడు ఎక్కువ, అంకె అదే. గేరు దింపితే ఇంజను చుట్లు పెరుగుతాయి, ఇంకా డీజిలు పోతుందన్న భయం. అందుకే చివరిదాకా పెద్ద గేరులోనే ఈడుస్తాడు. దిగుడులో కొందరు గేరు తీసేసి న్యూట్రల్‌లో వదులుతారు. ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టదు. ఘాట్ రోడ్డులో అది ప్రాణంతో జూదం. యావరేజి తగ్గినా అతనిదే కోత, దానికి భయపడి ఈడిస్తే ఇంజను పోయినా అతనిదే కోత. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

ఈ కోత మనకు బాగా తెలిసినదే. బట్ట చెడిందని ఆ బట్టనే నేత కార్మికుడికి అంటగట్టి, ధర జీతంలో కోసుకునే అలవాటు ఒకప్పుడు బొంబాయి మిల్లుల్లో ఉండేది. నూలు నాసిరకమా, సాంచా పాతదా అని అడిగేవారు లేరు. కార్మికులు పోరాడారు. 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చి కోతలకు హద్దు పెట్టింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం నిలిచింది. కార్మికుడి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగి ఉండాలి. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందు ఇవ్వాలి. నష్టానికి మించి కోయరాదు. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటరాదు. లేబరు కోడ్ల మీద మాకు ఎన్నో అభ్యంతరాలున్నాయి. అంతమాత్రాన అందులో మనకున్న హక్కును వదులుకోనక్కరలేదు. మూడు నెలల జీతం మొత్తం ఆపడం ఏ లెక్కనా చెల్లదు.

ఇంకో ప్రమాదం ఉంది. కాలుష్య ప్రమాణం మీరిన బండిని నడిపినవాడూ, నడిపించినవాడూ ఇద్దరూ మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద దోషులే. 2019 సవరణ ప్రకారం మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పైగా మూడు నెలలు లైసెన్సు చెల్లదు. స్క్రూ తిప్పించినవాడికి ఇంకో డ్రైవరు దొరుకుతాడు. లైసెన్సు పోయిన డ్రైవరుకు మూడు నెలలు పొయ్యి వెలగదు.

యజమానులందరూ దుర్మార్గులని మేము అనడం లేదు. ఒక్క బండి పెట్టుకుని బ్యాంకు వాయిదాలు కడుతున్నవారు మనలోనూ ఉన్నారు. డీజిలు ఖర్చు వారికి నిజమైన భారమే. డ్రైవర్లలో నిర్లక్ష్యంగా నడిపేవారూ లేకపోలేదు. అందుకే మేము కోరేది న్యాయమైన పద్ధతి. యావరేజిని లోడునుబట్టి, దారినిబట్టి, బండి వయసునుబట్టి డ్రైవరుతో కలిసి కట్టాలి. పంపు, నాజిళ్ళు, ఆయిలు మార్చిన తేదీలు బండిలోనే పుస్తకంలో ఉండాలి. ఇంజను పోతే విప్పేటప్పుడు డ్రైవరు తరఫు మిస్త్రీ ఒకరు ఉండాలి.

డ్రైవరు తమ్ముళ్ళకు మా మాట. ఆయిలు ఒత్తిడి పడిపోయినా, వేడి ముల్లు పైకి పోయినా, నల్ల పొగ పెరిగినా అదే రోజు చిన్న పుస్తకంలో రాయండి, యజమానికి ఫోనులో రాతపూర్వకంగా పంపండి. పంపు సీలు ఫొటో తీసి ఉంచుకోండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఘాట్‌లో గేరు దింపండి. అందుకు జీతం కోస్తే సంఘానికి రండి.

ఆ కుర్రవాడి కేసులో కోతకు కారణం రాతపూర్వకంగా చూపమని యజమానికి నోటీసు ఇచ్చాం. పంపు సీలు ఎప్పుడు, ఎవరు తెంపారో కూడా చెప్పమన్నాం. సాంచా ఖాతాలో మన పెద్దలు అడిగిన ప్రశ్నే ఇది. యంత్రం యజమానిది, దాని మరమ్మతు యజమానిది, దాని లాభం యజమానిది అయినప్పుడు, దాని అరుగుదల ఒక్కటీ కార్మికుడిది ఎలా అవుతుంది?

- కార్యదర్శి