రోగి చరిత్రపత్ర మెవరి సొత్తు?

వైద్యశాలలలో రోగులను గూర్చి వ్రాసియుంచు వివరములు కంప్యూటరులలోని కెక్కుచున్న ఈ దినములలో హెల్త్ రికార్డు, ఆభా సంఖ్య, రిఫరల్, సమ్మతి, గోప్యత అను మాటలు పల్లెలవరకును వచ్చి చేరినవి. వీని యర్థము నెఱిగినవారు పట్టణములలోనే అరుదు. ఖమ్మము దాటి భద్రాచలపు టడవులలో ప్రవేశించిన పిమ్మట చెప్పవలసినదే లేదు. మాటలే కదా యని వీని నుపేక్షింపరాదు. ఒక్కొక్క మాట వెనుక నొక్కొక్క హక్కు గలదు. మాట తెలియనివాడు హక్కు నడుగజాలడు.

ఈ సీమ పరిస్థితి ప్రత్యేకమైనది. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోను, పిమ్మట ఖమ్మము జిల్లాలోను ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. 2014లో చింతూరు, కూనవరము, వర రామచంద్రపురము మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. సరిహద్దు కావల ఛత్తీస్‌గఢ్ కోంటా ప్రాంతము. గీతలు మారినను రోగి నడచు త్రోవ మారలేదు. మూడు రాష్ట్రముల ప్రజలును జబ్బు ముదిరినప్పుడు భద్రాచలము ప్రభుత్వాసుపత్రికే వచ్చుచున్నారు. ప్రభుత్వములు మూడు, లెక్కపుస్తకములు మూడు. రోగి దేహము మాత్ర మొక్కటియే.

ఇందలి ప్రమాద మెట్టిదో చూతము. ఈ యడవులలో మలేరియా చిరకాలపు వైరి. కోయలు మొదలగు గిరిజనులలో సికిల్ సెల్ రక్తవ్యాధియు గలదు. తల్లిదండ్రు లిరువురును పైకి ఆరోగ్యవంతులై యుండియు ఈ దోషమును వహించినవారైనచో, కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు వ్యాధి సంభవింపవచ్చును. జ్వరము, ఒడలి నొప్పులు, కామెర్లు రెండు వ్యాధులయందును కనబడును. మరియు వైవాక్స్ మలేరియాకు 14 దినము లిచ్చు ప్రిమాక్విన్ అను మందు, రక్తములో జి-6-పి-డి అను ఎంజైము కొఱవడినవారికి ఎఱ్ఱకణములను చితుకగొట్టి ప్రాణాపాయము కలిగింపగలదు. వెనుకటి పరీక్షాఫలము ఒక్క పంక్తిలో వ్రాసి రోగి చేత నున్నయెడల క్రొత్త వైద్యుడు జాగ్రత్తపడును. లేనియెడల చీకటిలో బాణము వేయును.

ఇక మాటల సంగతి. మొదటిది చరిత్రపత్రము. ఒక రోగి కొక్కటే సంఖ్య, ఒక్కటే కట్ట అను పద్ధతిని 1907లో అమెరికాలోని మేయో వైద్యశాలయందు ప్లమ్మర్ అను వైద్యుడు నెలకొల్పెను. మన యేజెన్సీలోనో, ఒక్క గర్భవతికే మాతాశిశు సంరక్షణ కార్డొకటి, మలేరియా రక్తపు పలక సంఖ్య యొకటి, క్షయ యున్నచో నిక్షయ్ సంఖ్య యొకటి, సికిల్ సెల్ కార్డొకటి. వీని నన్నిటిని ముడివేయు నుద్దేశముతోనే 2021 సెప్టెంబరు 27న కేంద్ర ప్రభుత్వమువారు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను నారంభించిరి. ఆభా యన నందలి 14 అంకెల సంఖ్య.

రెండవది పరస్పర గ్రాహ్యత. అనగా చింతూరులో వ్రాసినది భద్రాచలములో అదే యర్థముతో చదువబడుట. ఇది లేక సంఖ్య లెన్ని యున్నను వ్యర్థమే.

మూడవది సమ్మతి. వ్రేలిముద్ర వేయించుకొనుట సమ్మతి కాదు. తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకొనుటయే సమ్మతి. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము నోటీసును ఇంగ్లీషునగాని రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలోగాని చదువుకొను వీలుండవలె నన్నది. ఆ షెడ్యూలులో తెలుగు గలదు, కోయభాష లేదు. ఎవరికి వివరణ మిక్కిలి యవసరమో వారి భాషయే పట్టికలో లేకపోవుట శోచనీయము.

నాలుగవది గోప్యత. ఒక కన్య సికిల్ సెల్ వాహకురా లను మాట ఊర పొక్కినచో ఆమె వివాహమే చెడవచ్చును. కార్డు వైద్యునికి చూపుటకేగాని రచ్చబండపై చదువుటకు కాదు.

అయిదవది, మిక్కిలి ముఖ్యమైనది, రోగి హక్కు. 2002 నాటి భారత వైద్యమండలి నియమములను బట్టి, ఆసుపత్రిలో చేర్చుకొన్న రోగుల వివరములను వైద్యుడు 3 సంవత్సరములు భద్రపఱుపవలెను. రోగి యడిగినచో 72 గంటలలో నీయవలెను. ఇది దయాదానము కాదు, విధి.

యంత్రము వచ్చినది గనుక ఇక నన్నియు చక్కబడు నని కొందఱు తలచుచున్నారు. మే మట్లు తలపజాలము. 2005 తరువాత సల్వాజుడుం కల్లోలములో ఇల్లు విడిచి ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి ఈ యడవులలో గుడిసెలు వేసికొన్న గొత్తికోయలకు నివాసపత్రము సంపాదించుటయే కష్టము. సంఖ్య లేదని వారిని గుమ్మమున నిలిపినచో, వైద్యమునకు తలుపు కావలసినది గొళ్లెమగును. ఆభా ఐచ్ఛికమే యని ప్రభుత్వమువారు చెప్పినమాట ప్రతి ఆసుపత్రి గోడమీదను తెలుగున, కోయభాషలోను వ్రాయింపవలెను.

ఇది మైదానమువారికి పట్టని విషయము కాదు. ఏటేట మిరపకోతకు ఖమ్మము రైతుల చేలలోనికి వచ్చు కూలీలలో ఛత్తీస్‌గఢ్ గిరిజనులు పెక్కండ్రు. కోతకాలమున జ్వరము వచ్చినవానిని ఆసుపత్రికి పంపు రైతు, తిరిగివచ్చునప్పుడు పరీక్షాఫలము, ఇచ్చిన మందు వ్రాసిన చీటీ వాని చేతి కందినదో లేదో విచారింపవలెను. కూలితోపాటు ఆ చీటీతోను వానిని ఇంటికి పంపుట యజమాని ధర్మము.

ప్రభుత్వములను మేము కోరునవి మూడే: వైద్యశాల విడుచు ప్రతి రోగికిని సుబోధమైన తెలుగున సంగ్రహపత్ర మిచ్చుట; సరిహద్దు కిరువైపుల వైద్యశాలలు ఒకదాని పత్రముల నొకటి అంగీకరించుట; కోయభాష తెలిసిన ఆశా కార్యకర్తలచేత సమ్మతి యర్థమును చెప్పించుట. వీనికి కోట్ల ధనముకంటె సంకల్పమే ముఖ్యము. రోగము రోగిది, రోగచరిత్రయు రోగిదే. దానిని వాని చేత పెట్టుటకు మూడు ప్రభుత్వములును జాగు చేయరాదు.