రెండు కండెల వెల

మా తండ్రిగారి బ్రౌనీ కెమెరా ట్రంకుపెట్టెలో ఏండ్లతరబడి మూగగా పడియుండినది. దానికి కావలసిన 620 ఫిల్మును కొడాక్ 1995లో మానివేసినది. 120 ఫిల్ము నేటికీ దొరుకుతున్నది. వెడల్పు రెంటికీ ఒకటే, భేదమంతా చుట్టే కండెలోనే. అట్టి కండెలను కొద్దికొద్దిగా, అడిగినవారికే చేసియిచ్చే పనివారున్నారు. రెంటికి సొమ్ము ముందే పంపి నెల కాచుకొన్నాను.

“ప్లాస్టికు ముక్కకింత వెలయా?” అని మిత్రులు నవ్వినారు. వెల ప్లాస్టికుకు కాదు, కొలతకు. లక్షమంది అడిగినది కర్మాగారము చేస్తుంది. ఒక్కడడిగినది చేయగలవాడు పనివాడే. వడ్రంగి మన బండిని చూచి ఇరుసు చెక్కుట ఇట్టిదే కదా! అయితే కొలతలు సరిగా తెలిపి, గడువు ముందే అడుగుట కొనువాని ధర్మము.

చీకటిగదిలో ఫిల్మును ఆ కండెకు మార్చి చుట్టినాను. బాల్యమున నన్ను చూచిన ఆ కటకమే మొన్న మా అమ్మాయిని చూచినది.