మణికట్టు విడిపించుకోవడం

ఎవరైనా మణికట్టు పట్టుకుంటే చేయి వెనక్కి గుంజుకుంటాం. అలా గుంజితే పట్టు ఇంకా బిగుస్తుంది. పట్టుకున్నవాడి బొటనవేలి వైపు చేతిని తిప్పి లాగాలి; ఆ పట్టులో బలహీనమైన చోటు అదే. పదేళ్ల పిల్ల కూడా సాధన చేస్తే నేర్చుకోగలదు. అయినా చాలా బడుల్లో ఆత్మరక్షణ మహిళా దినోత్సవం నాటి ప్రదర్శనతో సరి. వారానికో పీరియడ్ ఇవ్వండి, మగపిల్లలకూ కలిపి. కేక వేయడం కూడా నేర్పండి; భయంలో గొంతు పెగలదు.

భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆత్మరక్షణ నేరం కాదు. అవసరాన్ని మించి హాని చేయకూడదన్నదే హద్దు. ఈ హద్దు పోలీసుకూ ఒంటపట్టాలి. తాగి మీదపడే మనిషిని లాఠీ ఎత్తకుండా అదుపు చేయడం ఒక విద్య, సాధన లేకపోతే మరిచిపోయే విద్య.

పోలీసుకు రావాల్సిన విద్య అదొక్కటే కాదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర, అత్యాచారానికీ హత్యకూ గురై తర్వాత ‘దిశ’గా పిలవబడిన పశువైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి, పోలీసులు తమను ఠాణా పరిధి పేరుతో తిప్పారని కుటుంబం వాపోయింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధితో పని లేకుండా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఠాణాలో బల్ల దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ మొదటి పాఠంగా అదే చెప్పాలి: ముందు ఫిర్యాదు రాసుకో, వెతకడానికి బయల్దేరు, సరిహద్దు సంగతి తర్వాత.