ఎనిమిదిలో ఇద్దరి లెక్క ఎందుకు మరుస్తారు?

ఫైటింగ్ గేమ్‌లో పాత పాత్ర ఒళ్లు, పాత దెబ్బలు, పైన కొత్త ముఖం కనబడితే చాలు, అభిమానులు విరుచుకుపడతారు. 'క్లోన్' అంటారు, 'రీస్కిన్' అంటారు, మా అభిమాన పాత్రకు రావలసిన స్లాటును తినేసిందంటారు. తయారీదారుల బద్ధకమని తీర్పు కూడా ఇచ్చేస్తారు. ఈ వాదన తప్పు. తాము ప్రేమిస్తున్న ఆటల చరిత్రను తామే పట్టించుకోని వాదన ఇది. పాత్ర ఎవరి అచ్చులోంచి వచ్చిందని అడగడం దండగ. చేతిలోకి తీసుకున్నాక మనం వేరే నిర్ణయాలు తీసుకునేలా చేస్తుందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 సంగతి చూద్దాం. ఈ తరహా ఆటలన్నిటికీ అదే పునాది అని వాదులాడుకునే రెండు వర్గాలూ ఒప్పుకుంటాయి. అందులో ఎంచుకోవడానికి ఉన్న పాత్రలు ఎనిమిది. ఆ ఎనిమిదిలో ఇద్దరు, ర్యూ, కెన్, జిరాక్సు తీసినట్టుంటారు. అదే హడోకెన్ అగ్నిగోళం, పైకెగురుతూ గుద్దే అదే షోర్యూకెన్, గాలిలో గిర్రున తిరుగుతూ కొట్టే అదే తన్ను. తల, జుట్టు, బట్టల రంగు మారాయంతే. ఎనిమిదిలో ఇద్దరంటే నాలుగో వంతు. 2018 డిసెంబరులో సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ విడుదలైనప్పుడు అందులో 74 మంది ఫైటర్లున్నారు. వాళ్లలో 'ఎకో ఫైటర్లు' అని పేరుపెట్టి మరీ దింపినవాళ్లు ఏడుగురు. వాళ్ల మూల పాత్రలను కలిపి లెక్కేసినా అయిదో వంతు కూడా కాదు. దీనికి ఇంత గొడవ చేస్తున్నవాళ్లే నాలుగో వంతు ఒకే అచ్చులో ఉన్న ఆటను నెత్తిన పెట్టుకుంటున్నారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మాట్లాడినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఆ ఎనిమిదిలో ఇద్దరు ఊరికే రాలేదు. 1987 నాటి మొదటి స్ట్రీట్ ఫైటర్‌లో కెన్ రెండో ఆటగాడి కోసం పుట్టాడు. ఎదురుబొదురుగా నిలబడిన ఇద్దరి చేతుల్లోనూ ఒకే ఆయుధాలుండాలి, గెలుపోటములు నైపుణ్యం మీదే తేలాలి. రెండో భాగంలో ఇద్దరూ ఒకే పాత్రను ఎంచుకునే వీలు లేదు. అక్కడ కూడా ఇద్దరికీ ఒకే దెబ్బలు దక్కే దారి ర్యూ, కెన్‌లే. 1992లో ఛాంపియన్ ఎడిషన్ వచ్చి, ఒకే పాత్రను ఇద్దరూ తీసుకునే వీలిచ్చింది. అప్పటినుంచే వీళ్లిద్దరి దారులు విడిపోయాయి. కెన్ షోర్యూకెన్ ముందుకు దూసుకెళ్లడం మొదలైంది, 1993 నాటికి ఆ పిడికిలికి మంటలూ అంటుకున్నాయి. ర్యూ దూరంనుంచి అగ్నిగోళాలు విసురుతూ ఓపికతో గెలిచేవాడిగా, కెన్ మీదపడి ఊపిరాడనివ్వనివాడిగా స్థిరపడ్డారు. అదే అచ్చులోంచి 1994లో అకుమా, ఆ తర్వాత డాన్, సకురా వచ్చారు. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు.

ఇక 2004, కాలిఫోర్నియాలో ఎవో టోర్నమెంటు, ఆట స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్. డైగో ఉమెహారా చేతిలో కెన్, జస్టిన్ వాంగ్ చేతిలో చున్-లీ. కెన్ ప్రాణం గీతంత మిగిలింది. చున్-లీ సూపర్ ఆర్ట్ వదిలింది, వరసగా పదిహేను తన్నులు. మామూలుగా అడ్డుకున్నా ఆ రాపిడికే కెన్ చచ్చిపోతాడు. డైగో ఒక్కో తన్ను తగిలే క్షణానికి సరిగ్గా స్టిక్‌ను ముందుకు తోస్తూ పదిహేనూ తిప్పికొట్టి, ఎదురుదెబ్బతో రౌండు ముగించాడు. ఫైటింగ్ గేమ్‌లు ఆడనివాళ్లు కూడా ఆ వీడియో చూసి ఉంటారు. అక్కడ ఆడింది కెన్. ఎనిమిదిలో ఇద్దరిలో రెండోవాడు. 'క్లోన్ వద్దు' అన్న ఈనాటి నియమం అప్పుడే ఉంటే ఆ పాత్ర 1991 దాటేది కాదు.

మోర్టల్ కాంబాట్‌దీ ఇదే కథ. 1992లో ఒకే నటుణ్ని నింజా వేషంలో చిత్రీకరించి, బట్టల రంగు మార్చి పసుపు స్కార్పియన్‌ను, నీలం సబ్-జీరోను, దాక్కుని కనిపించే ఆకుపచ్చ రెప్టైల్‌ను తయారుచేశారు. ఇవాళ ఆ సిరీస్ ముఖచిత్రం స్కార్పియనే. మన ఊళ్లలో వీడియో గేమ్ పార్లర్లలో టెక్కెన్ 3 ఆడి పెరిగినవాళ్లకు నీనా, అన్నా అక్కచెల్లెళ్లు తెలుసు. మొదట్లో అన్నా వచ్చింది అక్క దెబ్బలు అరువు తెచ్చుకునే. 2025లో ఆమె టెక్కెన్ 8లో అడుగుపెడితే అభిమానులు పండగ చేసుకున్నారు.

చిన్న తేడా ఎంత పని చేస్తుందో తెలియాలంటే స్మాష్‌లో మార్త్, లూసినాలను ఒకరి తర్వాత ఒకరిని ఆడి చూడండి. కత్తి తిప్పే తీరు ఒక్కటే, వేగం ఒక్కటే. మార్త్ కత్తి మొన తగిలితే దెబ్బ గట్టిది, పిడి దగ్గర తగిలితే నీరసం. అందుకని మార్త్‌తో ఆడేవాడు శత్రువుకూ తనకూ మధ్య ఆ కత్తి పొడవంత ఎడాన్ని క్షణక్షణం కొలుచుకుంటూ ఉండాలి, ఒక అడుగు ఎక్కువైతే కష్టమంతా వృథా. లూసినా కత్తి ఎక్కడ తగిలినా దెబ్బ ఒక్కటే, ధైర్యంగా చొచ్చుకుపోవచ్చు. మారింది దెబ్బ బలం లెక్క మాత్రమే. ఆడేవాడి అడుగులు, భయాలు, ఆశ అన్నీ మారిపోయాయి.

పునర్వినియోగమంతా మంచిదని నేననను. 1994 డార్క్‌స్టాకర్స్ కోసం గీసిన మోరిగన్ బొమ్మనే 2000లో క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్ఎన్‌కేలో కొత్తగా గీసిన పాత్రల పక్కన నిలబెడితే వెలవెలబోయింది. స్మాష్‌లో పీచ్‌కూ డైసీకీ ఆటలో చెప్పుకోదగ్గ తేడా లేదు, అక్కడ ఫిర్యాదు న్యాయమే. కానీ డైసీని చూపించి లూసినాను తిట్టడం అన్యాయం.

స్లాటు వాదనకు సమాధానం ఎప్పుడో వచ్చింది. లూసినా, డార్క్ పిట్ లాంటివాళ్లను మొదట వేరే పాత్రల బట్టల మార్పుగానే అనుకున్నామని 2014లోనే స్మాష్ రూపకర్త మసాహిరో సకురాయ్ చెప్పారు. ఉన్న ఎముకల గూడు మీద, మిగిలిన కొద్దిపాటి సమయంలో కట్టిన పాత్రలవి. వాటిని తీసేస్తే ఆ స్థానంలో మీరు కోరుకున్న కొత్త పాత్ర రాదు, ఖాళీ వస్తుంది. 2001 నాటి స్మాష్ ఆట మెలీలో ఫాల్కో కూడా అలా చివర్లో చేరినవాడే, ఫాక్స్‌కు నకలు. ఫాక్స్ లేజర్ తగిలినా శత్రువు తూలడు. ఫాల్కో లేజర్ తగిలితే ఒక్క క్షణం ఆగిపోతాడు. ఆ క్షణం చాలు, ఫాల్కో ఆ ఆటలో అగ్రశ్రేణిలో నిలిచాడు, ఇరవై ఏళ్లు దాటినా అక్కడే ఉన్నాడు.

ఇన్ని తెలిసి కూడా ప్రతి ప్రకటన రోజునా అవే తిట్లు. తయారుచేసినవాళ్ల నిజాయితీని శంకిస్తూ, పాత్రను ఒక్క రౌండైనా ఆడకుండా తీసేయమని ఆజ్ఞలు. ఏ దెబ్బలో తేడా చాలలేదో, ఏ ఎత్తుగడ పాతదానిలాగే మిగిలిపోయిందో చెప్పండి, తయారీదారుల చేత మార్పించండి. ఆపాటి శ్రమ పడలేనివాళ్లకు ఎవర్నీ బద్ధకస్తులనే హక్కు లేదు. తీసేయాలనే పట్టుదల అంతగా ఉంటే కెన్ పేరుతో మొదలుపెట్టండి, ఆ తర్వాత స్కార్పియన్, అన్నా, ఫాల్కో. ఆ జాబితా కింద మీ పేరు రాసి సంతకం చేయండి.