1930: మన జిల్లా నుంచి చూస్తే

1930 అనగానే మన పాఠ్యపుస్తకాలు మనల్ని నేరుగా దండి సముద్రతీరానికి తీసుకుపోతాయి. మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన గాంధీజీ ఏప్రిల్ 6న అక్కడ ఉప్పు తీశారు. దేశానికి ఆ ఏటి పెద్ద సంగతి అదే, ఎవరూ కాదనరు. సముద్రం లేని నిజాం రాజ్యంలో ఉప్పు చాలావరకు బయటి నుంచే రావాలి కాబట్టి బ్రిటిషు వారి ఉప్పు పన్ను బరువు మన ఊళ్ల మీదా పడ్డది. కానీ ఆ యాత్రకు వారం ముందు, మార్చి 3, 4, 5 తేదీల్లో జోగిపేటలో జరిగిన సభ సంగతి ప్రజ్ఞాపూర్ బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? జోగిపేట ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో, ప్రజ్ఞాపూర్ సిద్దిపేట జిల్లాలో ఉన్నాయి గానీ ఆనాడు రెండూ మెదక్ జిల్లావే. ఆ సభ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి.

దాని వెనుక ఒక అవమానం ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి, అల్లరి చేసి కూర్చోబెట్టారు. తమ రాజ్యంలో, తమ రాజధానిలో, తమ భాషలో నోరు తెరిస్తే ఎగతాళి! ఆ మంట చల్లారకముందే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని ఏళ్ల తరబడి ఓపికగా పెంచారు. అదే పెరిగి పెద్దదై జోగిపేట చేరింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 ఆ కాలపుదే. అటువంటి కాలంలో మూడు రోజులు తెలుగులో మాట్లాడుకోవడమే ఒక సాహసం.

ఏం మాట్లాడుకున్నారో తెలియాలంటే ఆనాటి ఊరిని దగ్గరగా చూడాలి. దౌరాకు అధికారి వస్తున్నాడని కబురు అందగానే ఊరు ఊరంతా పరుగు పెట్టేది. కుమ్మరి కుండలు తేవాలి. చాకలి పాత్రలు తోమాలి, పక్కలు వేయాలి. మాదిగ, మాల కుటుంబాల నుంచి బేగారికి మనిషి పోయి మూటలు మోయాలి, ఉత్తరం పట్టుకొని పొరుగూరికి పరుగెత్తాలి. రైతు అరక విప్పి బండి కట్టాలి, అది దుక్కి అదునైనా సరే. కూలి అడిగితే దెబ్బలు. తాఖీదు ఉర్దూలో వచ్చేది. పట్వారీ చదివి చెప్పిందే దాని అర్థం. చదవలేని కాగితం కింద వేలిముద్ర వేసిన రైతు ఎంత భూమి పోగొట్టుకున్నాడో లెక్క కట్టిన వారెవరు? మాడపాటి వారు వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకాలు రాసి పంచింది ఇందుకే. తల్లిభాషలో చదువు కావాలన్న కోరిక వెనుక ఉన్నది కూడా ఈ వేలిముద్రే.

అదే జోగిపేటలో ఆంధ్ర మహిళా సభ కూడా నడిచింది. అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి వచ్చింది ఏప్రిల్ 1న. మన ఆడవాళ్లు అంతకు నెల ముందే వేదిక ఎక్కారు, అదీ ఆ చట్టం వర్తించని రాజ్యంలో. ఆ ఏటి సంఘటనల్లో నాకు అన్నిటికన్నా గొప్పదిగా కనిపించేది ఇదే.

సభకు లోపాలు లేవని అనను. వకీళ్లు, భూములున్నవాళ్లు, చదువుకున్నవాళ్లు నడిపిన సభ అది. సర్కారుకు కోపం రాకుండా ఆచితూచి మాట్లాడింది. దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ ఆ సభకు రావడం ఛాందసులకు రుచించలేదు. కౌలుదారు, పాలేరు గొంతు గట్టిగా వినిపించడానికి 1944 నాటి భువనగిరి సభ దాకా ఆగవలసి వచ్చింది. అయినా ఆ దారికి మొదటి అడుగు జోగిపేటలో పడ్డదే.

మిగతా ప్రపంచంలో ఆ ఏడు ప్లూటోను కనిపెట్టారు, ఉరుగ్వేలో తొలి ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి, సి.వి. రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వీటికన్నా మన ఊళ్లకు తగిలింది న్యూయార్క్‌లో మొదలైన ఆర్థిక మాంద్యం. పంటల ధరలు ఏడాదికేడాది కూలిపోయాయి. తెలంగాణ చెల్కల్లో పండే ఆముదాలు విదేశాలకు పోయే సరుకు. వాటి ధర పడిపోతే షావుకారు అప్పు మాత్రం పడిపోదు. నవంబరులో లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం మొదలైతే హైదరాబాదు రాజ్యం తరఫున సర్ అక్బర్ హైదరీ వెళ్లారు. ఈ రైతు గోడు చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. అది తెలుగులో అచ్చు కావాలంటే ప్రతాపరెడ్డి గారు 1926 నుంచి నడుపుతున్న గోలకొండ పత్రిక వంటివే దిక్కు.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు అదే ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పారు. ఆయన ఊరూరి నుంచి రాతలు రప్పించుకున్నారు. చరిత్ర విషయంలో మనం చేయవలసిందీ ఆ పనే. మన ఇళ్లలో, దూలాల మీది బట్టమూటల్లో, ట్రంకు పెట్టెల్లో నిజాం కాలపు కాగితాలు ఇంకా ఉన్నాయి: ఉర్దూ రసీదులు, ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) తేదీలున్న క్రయపత్రాలు, అప్పు పత్రాలు. ఆ చేతిరాత చదవగలిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. భూమి తగాదా వస్తే తప్ప వాటిని ఎవరూ విప్పడం లేదు.

గజ్వేల్, ప్రజ్ఞాపూర్ చుట్టుపక్కల పాఠకులకు మా విన్నపం. ఆ మూటలు విప్పండి. ఒక్కొక్క కాగితాన్నీ ఫొటో తీయండి. ఉర్దూ తెలిసిన పెద్దమనిషిని కూర్చోబెట్టి చదివించి, పక్కనే తెలుగులో రాసి పెట్టండి. ఆ కాగితం ఎవరిది, ఏ ఊరిది, ఏ భూమి గురించి అన్నది కూడా చేర్చండి. ఉపాధ్యాయులు పదో తరగతి పిల్లలకు దీన్ని ఒక ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. వివరాలు మాకు పంపండి. ఇంటివారి అనుమతితో పత్రికలో వేస్తాం. అసలు కాగితాలు మాత్రం మీ ఇంట్లోనే భద్రంగా ఉంచుకోండి.