మందిరపు మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు

చెవిటివాణ్ని దూషించకూడదనీ, గుడ్డివాని దారికి అడ్డం వేయకూడదనీ దేవుడు మోషే ద్వారా ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు (లేవీ 19:14). వికలాంగుల పట్ల వివక్షను నిషేధించే చట్టాలు ఈ మధ్యనే పుట్టాయని లోకం అనుకుంటుంది. దేవుని ప్రజలకు ఆ ఆజ్ఞ ఏనాడో అందింది. అందుకున్న మనం దాన్ని ఎంతవరకు పాటిస్తున్నాం?

మన దేశంలో 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. పాత చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే కొత్తది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్‌ను 3 నుంచి 4 శాతానికి పెంచింది. ఇవి చాలామందికి తెలిసిన సంగతులే. విశ్వాసులు అంతగా పట్టించుకోనిది ఇంకొకటుంది. ప్రజలు వచ్చిపోయే భవనాలన్నీ వికలాంగులకు అందుబాటులో ఉండాలని శాసించిన ఈ చట్టం, ప్రైవేటు భవనాలను, మత సంబంధమైన భవనాలను కూడా ఆ లెక్కలో చేర్చింది. అంటే మన చర్చి కూడా అందులో ఉన్నట్టే. పాత భవనాలను సరిచేయడానికి ఇచ్చిన అయిదేళ్ల గడువు, 2017 జూన్‌లో నియమాలు వెలువడ్డాయి గనుక, 2022లోనే ముగిసిపోయింది. ఆ నియమాలు కేవలం సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి ప్రమాణాలు ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారు చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ కాలం నుంచీ చర్చిలున్న ఊరు. ఇక్కడి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం జాతీయ సంస్థ పనిచేస్తోంది. ఒకప్పుడు మానసిక వికలాంగుల సంస్థ అని పిలిచిన దాని పేరులో ఇప్పుడు ‘సాధికారత’ అనే మాట చేరింది. ప్రభుత్వమే పిలుపు మార్చుకుంది. మరి అలాంటి బిడ్డ ఆరాధన మధ్యలో గట్టిగా అరిస్తే మనమెలా చూస్తున్నాం? ఆ చూపులకు తట్టుకోలేక ఎందరు తల్లులు ఆదివారం ఇంట్లోనే ఉండిపోతున్నారు? నడవలేని సహోదరునితో ‘నీకు విశ్వాసం చాలలేదు’ అనేవారూ మనలో ఉన్నారు. అదీ దారికి అడ్డం వేయడమే.

దావీదు మెఫీబోషెతును పిలిపించిన తీరు చూడండి (2 సమూ 9). స్వస్థత పొందాక రమ్మనలేదు. రెండు కాళ్లూ కుంటివైన అతనికి రాజకుమారులతో సమానంగా తన బల్ల దగ్గర నిత్యమూ స్థానమిచ్చాడు. ఆ అధ్యాయం ముగిసేనాటికి కూడా అతను కుంటివాడే, కాని రాజు బల్ల దగ్గర భోజనం చేస్తున్నాడు. ప్రభువు బల్ల అంతకంటే చిన్నదా?

జరిమానాకు భయపడి ర్యాంపు కట్టినా మంచిదే. అయితే చట్టం తలుపు వరకే తీసుకురాగలదు. లోపల పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకోవలసింది మనమే. వచ్చే కమిటీ సమావేశంలో ర్యాంపు గురించి, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి గురించి, సైగల భాష తెలిసిన వారి గురించి అడుగుదాం. ముందుకు రాలేని వారికి ప్రభురాత్రి భోజనాన్ని వారి చోటుకే తీసుకువెళదాం. కమిటీలోనూ వారికి స్థానమిద్దాం. మెట్ల దగ్గర ఆగిపోయిన వారి కోసం కూడా ప్రభువు ప్రాణం పెట్టాడని మరువకుందాం.