మామ్మ అంగిట్లో తెల్లమచ్చ



పోయిన నెల అరకు సంత నుండి తిరిగివస్తూ మన సంఘంలోని ఒక మామ్మ ఇంటి దగ్గర ఆగాను. ఆమె మనుమడు విశాఖలో బి.ఎస్సీ. చదువుతున్నాడు. "అయ్యగారూ, మామ్మకు అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. కారం తగిలితే మండుతోందంట. పెద్దాసుపత్రికి రమ్మంటే కోసేస్తారని భయపడుతోంది. క్యాన్సరు జీన్ల నోరు మూయించే మందు వస్తోందని క్లాసులో చెప్పారు. అది వచ్చేదాకా ఆగవచ్చా?" అని అడిగాడు.

మామ్మ మాత్రం వసారాలో కూర్చుని అడ్డపొగ పీలుస్తూనే ఉంది. దూరప్రాంతాల చదువరులకు ఇది తెలియకపోవచ్చు. చుట్ట నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకుని పీల్చడాన్నే అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం మొదలు విశాఖ మన్యం వరకు ఆడవారిలో ఈ అలవాటు ఎక్కువ. ఆ సెగకు అంగిలి 58 డిగ్రీల దాకా వేడెక్కుతుందని కొలిచి చూశారు. అందుకే ఇతర చోట్ల అరుదుగా వచ్చే అంగిటి క్యాన్సరు మన వైపు కనబడుతుంది.

అబ్బాయి చెప్పినది అబద్ధమేమీ కాదు. 1990లో పెటూనియా మొక్కల్లో పూలరంగు ముదరాలని అదనపు జీను పెడితే కొన్నింటికి తెల్లపూలు పూశాయి. అలా ఎందుకైందో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. 1998లో అమెరికాలో ఫైర్, మెల్లో అనే శాస్త్రజ్ఞులు ఒక చిన్న పురుగులో ఆ గుట్టు విప్పారు. 2006లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. దీన్నే ఆర్.ఎన్.ఎ. ఇంటర్‌ఫియరెన్స్ అంటారు.

మన కొండ సంఘాల్లో పాటల పుస్తకం ఒక్కటే ఉంటుంది. పాడేవారు దానినుండి చీటీ మీద రాసుకుంటారు. పుస్తకం జోలికి పోకుండా ఆ చీటీని చింపేస్తే ఆ పాట ఆగిపోతుంది. జీను పుస్తకమైతే ఆర్.ఎన్.ఎ. చీటీ. ఈ మందు వెతికి చింపేది తనకు సరిపడిన చీటీనే. అయితే పుస్తకం అలాగే ఉంది గదా, మళ్లీ చీటీలు రాస్తూనే ఉంటుంది!

ఇటువంటి మొదటి మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకు. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గించే ఇన్‌క్లిసిరాన్ కూడా ఈ జాతిదే. మొదటి రెండు మోతాదుల తరువాత ఆరు నెలలకొక ఇంజెక్షన్ చాలు. ఇవి లివర్‌లో పనిచేస్తాయి. ఆ కణాలు మందును ఇట్టే లోపలికి తీసుకుంటాయి, తొందరగా విభజన చెందవు. క్యాన్సరు గడ్డ అలా కాదు. మందు దాని లోపలికి చేరడమే కష్టం. చేరినా కణం ఒకటి రెండై, రెండు నాలుగవుతుంటే మందు పలచబడిపోతుంది. శాశ్వతంగా అణచే ఉపాయాలు పరిశోధనలోనే ఉన్నాయి. ఇది రాసేనాటికి క్యాన్సరుకు అనుమతి పొందిన ఈ తరహా మందు ఒక్కటీ లేదు.

అందుకని అబ్బాయితో, "బాబూ, మచ్చ నీ మందు కోసం ఆగదు" అన్నాను. తెల్లమచ్చలన్నీ క్యాన్సరు కావు. అలవాటు మానితే తగ్గేవీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చడానికి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నదని కూడా చెప్పాను.

మామ్మను ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ముగ్గురం కలిసి విశాఖ వెళ్లాము. ముక్క తీశారు, ఫలితం ఇంకా రాలేదు. తిరుగు బస్సులో ఆమె కొంగుముడి విప్పి మూడు చుట్టలు నా చేతిలో పెట్టింది.

"ఇయ్యి దాసండి అయ్యగోరూ. కాయితం వచ్చినాక అడుగుతాను."